పొద్దు దిగని ఆదివారం

పలాసలో సిమెంటూ ఇనుమూ అమ్ముకునే మన్మథరావు ఐస్‌లాండ్ ఎందుకు వెళ్ళాడయ్యా అంటే, కంపెనీ వాడు తీసుకెళ్ళాడు గనక వెళ్ళాడు. ఎక్కువ సరుకు అమ్మిన డీలర్లని ఆ సిమెంటు కంపెనీ ఏటా ఎక్కడో ఒకచోటికి తిప్పుకొస్తుంది. మూడుసార్లు బ్యాంకాక్ అయింది, ఒకసారి దుబాయ్ అయింది. బ్యాంకాక్ పేరెత్తితే డీలర్ల భార్యలు మూతులు ముడుస్తున్నారని ఈసారి జంటలుగా రమ్మన్నారు. భూమికి నెత్తిన, అగ్నిపర్వతాలు కక్కిన రాయి గడ్డకట్టి దీవి అయిన చోట, ఆ దీవి అంచు పట్టుకుని చిన్న ఓడలో తొమ్మిది రోజులు తిరగడం. ఓడలో సగం మంది తెల్లవాళ్ళు, సగం మంది మనవాళ్ళు. తెల్లవాళ్ళు బైనాక్యులర్లు పెట్టుకుని కొండల మీద పక్షుల్ని చూస్తే, మనవాళ్ళు అవే బైనాక్యులర్లు పెట్టుకుని తెల్లవాళ్ళ పళ్ళాల్లో ఏముందో చూశారు.

మన్మథరావు చూసింది మాత్రం రాయి. ముప్పై ఏళ్ళు సిమెంటు అమ్మిన కన్ను మరి. నల్లటి ఒడ్డు కనబడగానే, "ఇంత కంకర చిప్స్ ఊరికే పోసీసేడు దేవుడు, లోడెత్తేవోడు లేక" అన్నాడు. కొండ సందుల్లో మిగిలిన మంచు నౌపడ కళ్ళాల్లో ఉప్పు కుప్పల్లా ఉందన్నాడు. నేలలోంచి ఆవిరి లేస్తే, కింద ఎవడో జీడిగింజలు ఉడకబెడుతున్నాడన్నాడు. అతను ఏది చెప్పినా ఆఖర్న ఒక మాట తప్పదు: "కావలిస్తే మా బావమరిదిని అడగండి." బావమరిది దుర్గాప్రసాద్ ఉద్దానంలో ఉన్నాడు, ఓడలో లేడు. అయినా మన్మథరావు కోతలన్నింటికీ సాక్షి అతనే. తిమింగలాన్ని చూసినా సాక్షి దుర్గాప్రసాదే, పులిని లుంగీతో కట్టేసినా సాక్షి దుర్గాప్రసాదే.

నాలుగో రోజు, శుక్రవారం ఉదయం, ఓడ ఒక చిన్న ఊరి రేవులో ఆగింది. చుట్టూ బల్లపరుపు తలల కొండలు, మధ్య నీళ్ళు, నీళ్ళ పక్కన రంగు రేకుల ఇళ్ళు. ఊరి బయట కర్రల పందిళ్ళ మీద చేపల తలలు ఎండబెట్టారు. ఆ వాసన తగలగానే భావనపాడు రేవులో దిగినట్టయి, మనవాళ్ళందరికీ ప్రాణం లేచొచ్చింది.

ఆడవాళ్ళు ఉన్ని బట్టల కొట్లోకి వెళ్ళారు. మన్మథరావు బయట అరుగు మీద కూర్చున్నాడు. జంటకొక విదేశీ సిమ్ము చొప్పున ఇచ్చారు. మన్మథరావు ఫోనులోనే అది ఉంది. భార్య సూర్యకుమారి ఫోను గదిలో మంచం కింద పెట్టెలో పడుకుంది. ఓడ ఊరు వదిలితే ఈ సిమ్ము కూడా పడుకుంటుంది. ఊళ్ళో ఆగినప్పుడే దానికి ఊపిరి.

ఆ ఊపిరి రాగానే ఫోను మోగింది. వీడియో కాలు. చందన, దుర్గాప్రసాద్ కూతురు.

"మావా..." అంది. గొంతు లేదు, గాలే ఉంది. "పొద్దున్నుంచీ సేత్తన్నాను మావా. తగల్లేదు. నాన్న పోయేరు."

మన్మథరావు లేచి నిలబడ్డాడు.

"డయాలసిస్‌కని బయల్దేరేరు. సెప్పులేసుకుంటానే గుమ్మంలో కూలబడిపోయేరు. ఇక్కడ నాలుగవుతోంది మావా. పొద్దుండగానే తీసికెళ్ళిపోవాలంటన్నారు. అందరూ సూసేసేరు. అత్తొక్కర్తే మిగిలింది. ఫోను అత్తకియ్యి మావా, మొకం సూపిత్తాను. ఒక్క నిమిషం."

చందన ఫోను తిప్పింది. దుర్గాప్రసాద్ వాకిట్లో పడుకుని ఉన్నాడు. గడ్డం కింద నుంచి నెత్తి మీదకి తెల్లగుడ్డ కట్టారు, ముక్కులో దూది పెట్టారు. ఏడేళ్ళ జబ్బులో ఉబ్బీ తగ్గీ ఉబ్బీ తగ్గీ ఒక రూపంలో నిలవని ఆ మొహం ఇప్పుడు పెళ్ళినాటి కొలతకి వచ్చి ఆగిపోయింది.

మన్మథరావు కొట్టు అద్దం వైపు తిరిగాడు. అద్దానికి అవతల సూర్యకుమారి చెవుల మీదికి దిగి జడల్లా దారాలు వేలాడే టోపీ పెట్టుకుంది. టెక్కలి డీలరు సోమేశ్వరరావు భార్య మోహిని ఆమెను చూసి కడుపు పట్టుకుంటోంది. కొట్టుమనిషి కూడా నవ్వుతోంది. సూర్యకుమారి నవ్వుతోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, పై వరస పళ్ళన్నీ కనబడేలా, తల వెనక్కి వాల్చి నవ్వుతోంది. ఆ నవ్వు మన్మథరావు చూసి ఏడేళ్ళయింది.

"మావా, అత్తేదీ?"

"అత్త... ఓడలో ఉండిపోయిందమ్మా," అన్నాడు మన్మథరావు. "నేనొక్కణ్ణే దిగేను."

"నువ్వు ఓడకెళ్ళడానికి ఎంతసేపవుతాది? నేనాపుతాను మావా. పెద్దోళ్ళ కాళ్ళు పట్టుకోనైనా ఆపుతాను."

"అవ్వదమ్మా. రబ్బరు పడవలో ఎల్లాలి. ఆడ సిగ్నలుండదు. మీరు కానిచ్చీండి."

చందన ఇంకేదో అంది. మన్మథరావు వేలు ఎర్రబొత్తం మీద పడింది. పడిందో, తనే నొక్కాడో, తర్వాత ఎంత ఆలోచించినా తేల్చుకోలేకపోయాడు. రెండు నిమిషాలకి ఫోను టింగుమంది. చందన వీడియో తీసి పంపింది. కింద ఒక ముక్క రాసింది. 'అత్తకి చూపించు మావా.'

కొట్టు తలుపు గంట మోగింది. సూర్యకుమారి టోపీతోనే బయటికి వచ్చింది.

"బావా, సూడు. ఎలగున్నాను?"

మన్మథరావు నోరు ముప్పై ఏళ్ళ అలవాటు మీద నడిచే నోరు. దానికి మనసుతో పనిలేదు. "గంగిరెద్దులవోడు సూసేడంటే తోలుకుపోతాడు," అంది ఆ నోరు.

ఆమె మళ్ళీ నవ్వింది. "ఒక ఫొటో తియ్యి. తమ్ముడికి పంపు, నవ్వుకుంటాడు."

తీశాడు.

"పంపేసేవా?"

"పంపేసేను."

*

ఓడలో గది ఎంతుంటుంది? ఒక మంచం, ఒక కిటికీ. స్నానాలగదిలో రెండు సిమెంటు బస్తాలు నిలబెడితే మూడోది పట్టదు. మధ్యాహ్నం ఆడవాళ్ళందరూ టీకి పోయిన సమయం చూసుకుని మన్మథరావు అందులో దూరి, చొక్కా ప్యాంటుతోనే షవరు కింద నిలబడ్డాడు. చావు కబురు విన్నవాడు ఒంటిమీది బట్టలతో నెత్తిన నీళ్ళు పోసుకోవాలి. ఎవరికి చెప్పినా చెప్పకపోయినా అది మాత్రం చెయ్యాలి. పుట్టినప్పటినుంచీ ఒంటికి ఎక్కిన అలవాటు. పాపం అతగాడు ఆ తొందరలో వేడినీళ్ళ కుళాయి తిప్పుకోలేదు. మంచు కరిగిన నీళ్ళు నెత్తిన పడ్డాయి. ఆ చప్పుడులో కాస్త ఏడ్చుకున్నాడు కూడా. దుర్గాప్రసాద్ అతనికి బావమరిదే కాదు, మేనమామ కొడుకు. ఒకే బావిలో ఈత నేర్చుకున్నారు.

చొక్కా పిండి కొక్కేనికి తగిలించి బయటికి వచ్చేసరికి సూర్యకుమారి మంచం మీద కూర్చుని ఉంది. కొక్కెం కింద టప్ టప్‌మని నీళ్ళు కారుతున్నాయి. ఆమె చొక్కా వైపు చూసింది, ప్యాంటు వైపు చూసింది.

"ఓడ ఒక ఊపు ఊపింది కుమారీ," అన్నాడు మన్మథరావు గబగబా. "మొకం కడుక్కుందారని వొంగేను. ఆ కుళాయి ముసిలి ఏనుగులా తొండం సాపి నా మీద ఊదీసింది."

సూర్యకుమారి నవ్వింది. నవ్వి, పెట్టెలోంచి పొడి తువ్వాలు తీసి అతని తల తుడిచింది. ఎప్పటికంటే ఎక్కువసేపే తుడిచింది. ఆ సంగతి అప్పట్లో మన్మథరావుకి తట్టలేదు.

చెప్పెయ్యాలని అనుకున్నాడు. సాయంత్రం అనుకున్నాడు. ఓడ ఊరు వదిలి కొండల మధ్యకి పోయింది, ఇప్పుడు చెప్పి ఏం చేస్తుంది, ఎక్కడికి పరిగెడుతుంది అనుకున్నాడు. రేపు చెబుదాం అనుకున్నాడు. శనివారం ఉదయం రబ్బరు పడవల్లో ఒక కొండ అంచుకి తీసుకెళ్ళారు. ఆరు పలకల నల్లరాతి స్తంభాలు ఒకదాని పక్కన ఒకటి, ఎవరో మేస్త్రి దారం పట్టి నిలబెట్టినట్టు నిలబడి ఉన్నాయి. వాటి మీద లక్ష పక్షులు. సోమేశ్వరరావు, "బావా, ఈ పిల్లర్లకి ఏ గ్రేడు సిమెంటు వాడేరంటావు?" అని కదిపాడు. మన్మథరావు జవాబు చెప్పకుండా నీళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు. పడవలో అందరూ అతని నుదురు పట్టుకుని చూశారు, జ్వరమేమోనని.

ఆ రాత్రి భోజనాల దగ్గర విడిచిపెట్టలేదు. మనవాళ్ళకి వండిపెట్టడానికి కంపెనీ ఇచ్ఛాపురం నుంచి త్రినాథ్ అనే వంటాయన్ని వెంట పంపింది. అరవైకి దగ్గరున్న మనిషి. కూరకి తెలుగు మాట్లాడతాడు, కోపానికి ఒడియా మాట్లాడతాడు. అతను వంకాయ కూర వడ్డించాక బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా చెంచాలతో బల్ల మీద కొట్టారు. కథ కావాలి. తిమింగలం కథ. ఆ రోజు దూరాన తిమింగలం వీపు కనబడింది మరి.

"సెప్పు బావా," అంది సూర్యకుమారి.

చెప్పాడు. మన్మథరావు తాత తెప్ప వేసుకుని వేటకి పోయి దారి తప్పాడు. మూడు రోజులకి ఒక దీవి తగిలింది. నల్లగా, నున్నగా, ఈ ఒడ్డులాగే ఉంది. తెప్ప కట్టేశాడు. మొలలో నాలుగు జీడిగింజలుంటే నాటాడు. మొలిచాయి. వానలు పడ్డాయి, చెట్లయ్యాయి, పూత పట్టింది. నేనెవరికి తీసిపోయానని తాత అక్కడే పాక కూడా వేశాడు. జీడిపళ్ళు ఎర్రబడ్డ రోజు కోద్దామని చెయ్యి చాపేసరికి దీవి తుమ్మింది.

బల్ల బల్లంతా ఊగిపోయింది. మోహినికి పొలమారింది. ఏం చెప్తున్నాడో అర్థం కాకపోయినా పక్క బల్ల తెల్లావిడ కూడా నవ్వింది.

"తుమ్మితే తాత ఎక్కడ పడ్డాడు?" అన్నారు ఎవరో.

"ఎక్కడేటి? బారువ ఒడ్డున. సేతిలో జీడిపండుతో సహా."

ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది. వెనకాల రావలసిన మాట రాలేదు.

"సాక్షి ఏడయ్యా?" అన్నాడు సోమేశ్వరరావు. "సాక్షిని పిలవకుండా కథ ముగించీడమేనా?"

అందరూ ఆ మాట కోసం ఎదురుచూస్తున్నారు. అందరూ కలిసి అందామని కొందరు నోళ్ళు కూడా తెరిచారు. మన్మథరావు పళ్ళెంలో అన్నం కలిపాడు. కలిపిందే కలిపాడు.

"దీనికి సాక్షి లేడు," అన్నాడు.

"ఓర్నీ! మరైతే అబద్ధమే!" అన్నాడు సోమేశ్వరరావు. మళ్ళీ నవ్వులు. సూర్యకుమారి పళ్ళెం పక్కకి జరిపి చెయ్యి కడుక్కోవడానికి లేచింది. వెళ్ళిన మనిషి పావుగంట రాలేదు.

*

మర్నాడు ఆదివారం.

ఆదివారం సూర్యకుమారికి అరసవల్లి సూర్యనారాయణమూర్తి మొక్కు. పొద్దు దిగేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. దిగాక దీపం పెట్టుకుని ఉప్పులేని అన్నం తింటుంది. తమ్ముడికి డాక్టరు నీళ్ళు కొలిచి తాగమన్న నాటి నుంచి, ఉప్పు మానెయ్యమన్న నాటి నుంచి, వారానికొక రోజు ఆ బాధలో పాలు పంచుకుంటానని మొక్కుకుంది. ఓడెక్కే ముందు ఫోనులో దుర్గాప్రసాద్ ఏడిపించాడు కూడా. "అక్కా, ఆడ పొద్దు దిగదంట. ఆదివారం ఏటి తింటావు?" అని. "దిగకేటి? మనూరి సూరీడే కదా," అంది.

ఆదివారం నాటికి ఓడ దీవికి ఉత్తరాన, ఇంక పైన ఊళ్ళు లేని చోటికి వచ్చేసింది. అప్పటిదాకా రాత్రుళ్ళు దళసరి తెరలు దించుకుని పడుకున్నారు గనక ఎవరూ పట్టించుకోలేదు. మధ్యాహ్నం మన్మథరావు వెళ్ళి, దారి చూపించే పిల్లని, పొద్దు ఎన్నింటికి దిగుతుందని అడిగాడు. ఆ పిల్ల పెద్ద కానుక ఇస్తున్నట్టు మొహం పెట్టి, "దిగదు. ఇవాళ అసలు దిగదు. అందుకే కదా ఇక్కడికి తీసుకొచ్చాం" అంది.

అతను ఆ కబురు పట్టుకుని ఓడ పై అంతస్తుకి వచ్చాడు. సూర్యకుమారి శాలువా కప్పుకుని బల్ల మీద కూర్చుని ఉంది.

"దిగదంట కుమారీ. పలాసలో ఈపాటికి దిగిపోయింది. దాని లెక్కన తినీయ్."

"పలాసలో దిగినోడు ఇక్కడ నా నెత్తి మీదున్నాడు కదా."

"గడియారం సూసుకో..."

"గడియారానికేటి, నాను మొక్కలేదు. ఆయన ఎదర కూకుని ఆయన దిగేడని నానెలగ తినడం?"

సోమేశ్వరరావు వచ్చాడు. మబ్బు పట్టినప్పుడు దిగినట్టే లెక్క అన్నాడు. కళ్ళు మూసుకుంటే దిగినట్టే అన్నాడు. మోహిని వచ్చి బతిమాలింది. త్రినాథ్ ఉప్పులేని పప్పన్నం కలిపి, మూతపెట్టి తెచ్చాడు. చల్లారితే తీసుకెళ్ళి వేడిచేసి తెచ్చాడు. అలా నాలుగుసార్లు. నాలుగోసారి ఒడియాలో గొణుక్కున్నాడు. ఆమెను కాదు, ఆకాశాన్ని తిట్టాడని విన్నవాళ్ళకి తెలిసింది.

సాయంత్రం ఏడయింది, ఎండ ఉంది. తొమ్మిదయింది, ఎండ ఉంది. పది దాటాక గాలి పదునెక్కింది. సూర్యకుమారి పెదాలు పొట్టు లేచాయి. నాలుకతో తడుపుకోబోయి, అది కూడా తప్పేమోనని మానేసింది. మన్మథరావు పక్కన కూర్చుని అది చూశాడు. మూడో రోజు. ఈపాటికి అక్కడ ఎముకలు ఏరేసి ఉంటారు. ముంతకి గుడ్డ కట్టి ఉంటారు. లేని మనిషి కోసం ఇక్కడ ఉన్న మనిషి గొంతు ఎండగట్టుకుంటోంది. తను పక్కన కూర్చుని దుప్పటి సర్దుతున్నాడు. జీవితంలో ఎన్ని అబద్ధాలు ఆడినా మన్మథరావు ఏదీ ఎవరి ఒంటికీ తగలనివ్వలేదు. ఇది తగులుతోంది.

"కుమారీ, నీకొక మాట సెప్పాలి."

"పొద్దు దిగినియ్యి. అప్పుడు సెప్పు."

"అది కాదు..."

"సెప్పకు బావా." గొంతు గట్టిగా ఉంది. "దిగినాక సెప్పు."

పన్నెండు దాటింది. తెల్లవాళ్ళు ఒక్కొక్కళ్ళూ గ్లాసులు పట్టుకుని పైకి వచ్చి కమ్మీల వెంట నిలబడ్డారు. సూర్యుడు ఉత్తరాన, సముద్రానికి బెత్తెడు ఎత్తున, ఎర్రటి రాగి చెంబులా వేలాడుతున్నాడు. దిగుతున్నాడు. సూర్యకుమారి లేచి నిలబడింది. చేతులు జోడించింది. ఇంకాస్త. ఇంకో నాలుగు వేళ్ళు. ఒంటిగంటా పావుకి ఓడ కూత వేసింది. తెల్లవాళ్ళు కేరింతలు కొట్టి గ్లాసులు తాకించుకున్నారు. ఎవరో పాట అందుకున్నారు. సూర్యుడు నీళ్ళని ముట్టుకోలేదు. వచ్చిన దారినే కాస్త కుడికి ఒరిగి మళ్ళీ పైకి బయల్దేరాడు.

"ఎక్కుతన్నాడు బావా," అంది సూర్యకుమారి.

"ఊఁ."

"ఇంక దిగడు."

"ఊఁ."

ఆమె బల్ల మీద కూలబడింది. కాసేపు చేతులు చూసుకుంది.

"దుర్గ పోయేడు కదూ," అంది.

మన్మథరావు ఇంకోసారి 'ఊఁ' అనడానికి నోరు తెరిచాడు. రాలేదు. తల ఊపాడు.

"నువ్వు సొక్కాతో నీళ్ళోసుకున్నప్పుడే సావని తెలిసింది. ఏనుగంట, తొండమంట... ఎవరని మాత్రం అడగలేదు. మనకి ముసిలోళ్ళు నలుగురున్నారు కదా, వోళ్ళలో ఎవరైనా అయ్యుండొచ్చు అనుకున్నాను. సన్యాసమ్మ పిన్ని అనుకున్నాను. దేవుడా, ఆవిడే అవ్వాలి అనుకున్నాను. అలగనుకోవడం ఎంత పాపమో." శాలువా కొసతో పెదాలు ఒత్తుకుంది. "నిన్న బువ్వల కాడ సాక్షి లేడన్నావు. అప్పుడు తెలిసిపోయింది."

"మరి ఈ ఉపాసమేటి కుమారీ? తెలిసీ?"

"తెలిసింది. నువ్వు సెప్పలేదు కదా. నువ్వు సెప్పేదాకా ఆడు మంచం మీదే ఉన్నాడు. ఆదివారం ఉపాసం నాను మానేత్తే, నానే ఆణ్ణి సంపీసినట్టు కాదేటి?"

మన్మథరావు ఏడ్చాడు. అతను ఏడుస్తుంటే ఆమె అతని వీపు నిమిరింది. తనకి జరిగింది అతనికి జరిగినట్టు, పిల్లాణ్ణి ఊరుకోబెట్టినట్టు నిమిరింది.

"ఊరుకో బావా. నువ్వు మాత్రం ఏటి సేత్తావు. నాను తల్లడిల్లిపోతానని కడుపులో పెట్టుకున్నావు. మూడ్రోజులు ఎలగ మోసేవో." ఆగి, సముద్రం వైపు చూసింది. "ఒక్కటే. మొకం సూసుంటే బాగుణ్ణు. తీసికెళ్ళేముందు ఒక్కసారి. కబురంటే ఎలగో వొచ్చింది, ఈ మాయదారి నీళ్ళలో ఫోను సరిగ్గా పనిసేత్తే చందన సూపించునే. అది అలగాంటిది కాదు, అత్తకి సూపించకుండా పంపించదు. సిగ్నల్ లేకపోతే అది మాత్రం ఏటి సేత్తాది."

అక్కడితో అయిపోయేది. మన్మథరావు 'అవును' అంటే చాలు. సిగ్నల్ లేదన్న ఆ చిన్న అబద్ధం ఆమె తనంతట తానే అల్లి అతని చేతిలో పెట్టింది. తిమింగలం మీద జీడితోట వేసిన మనిషికి అది ఒక అబద్ధమా? ఆమె చెయ్యి ఇంకా అతని వీపు మీదే ఉంది. వెచ్చగా ఉంది.

అతను జేబులోంచి ఫోను తీశాడు. వేళ్ళు మొద్దుబారి మూడుసార్లు తప్పు నొక్కాడు. వీడియో వచ్చింది. ఆమె చేతిలో పెట్టాడు.

సూర్యకుమారి చూసింది. రెండు నిమిషాల పైన ఉంది వీడియో. చందన నడుస్తూ తీసింది. ముందు కాళ్ళు, తర్వాత కొత్త పంచె, తర్వాత మొహం. మొహం మీద చందన చాలాసేపు ఫోను కదపకుండా ఆపింది. వెనక నుంచి ఎవరో "పొద్దోతోంది, పొద్దోతోంది" అంటున్నారు. చందన గొంతు, "అత్తా, సూడత్తా, నాన్న" అంది. అయిపోయాక ఆమె మళ్ళీ మొదటి నుంచి చూసింది. రెండోసారి అయిపోయాక కింద రాసింది చదివింది. దాని పక్కన వారం, గంట ఉన్నాయి.

వీపు మీది చెయ్యి ఎప్పుడు తీసేసిందో మన్మథరావుకి తెలియలేదు. చలి తగిలితే తెలిసింది.

"శుక్రవారం," అంది ఆమె.

"ఊఁ."

"ఫోను సేసిందా? అడిగిందా నన్ను?"

"అడిగింది. ఆపుతానంది. నువ్వు ఓడలో ఉన్నావని సెప్పేను."

"నానెక్కడున్నాను అప్పుడు?"

"కొట్లో."

"ఏటి సేత్తన్నాను?"

మన్మథరావు చుట్టూ చూశాడు. తెల్లవాళ్ళు లోపలికి వెళ్ళిపోయారు. ఖాళీ గ్లాసులు కమ్మీ కింద దొర్లుతున్నాయి. ఎండ మొహం మీద సూటిగా పడుతోంది.

"నవ్వుతన్నావు," అన్నాడు.

సూర్యకుమారి ఫోను గుప్పిట్లో బిగించింది. తర్వాత లేచింది. ఓడ ఊగితే అతను చెయ్యి చాపాడు. ఆమె ఇనపకమ్మీ పట్టుకుంది. కమ్మీ పట్టుకునే మెట్లు దిగింది. ఫోను ఆమె గుప్పిట్లోనే ఉంది. వంటగది గుమ్మంలో పళ్ళెం పట్టుకుని కునికిపాట్లు పడుతున్న త్రినాథ్ ఆమెను చూసి లేచి, మొహం చూసి, పళ్ళెం వెనక్కి పెట్టేసుకున్నాడు.

మన్మథరావు గది దగ్గరికి వెళ్ళేసరికి తలుపు లోపల గడియ పడి ఉంది. షవరు చప్పుడు వినబడింది. చాలాసేపు వినబడింది. చీరతోనే నిలబడి ఉంటుందని అతనికి తెలుసు. వేడినీళ్ళ కుళాయి తిప్పుకోమని చెబుదామని తలుపు మీద చెయ్యి వేశాడు, కొట్టలేదు.

నీళ్ళు ఆగాయి. తడిసిన ఆరు గజాల చీర ఒక మనిషి పిండేది కాదు. ఆ కొస ఒకరు పట్టాలి, ఈ కొస ఒకరు పట్టాలి, ఎదురెదురుగా నిలబడి చెరోవైపు మెలిపెట్టాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ తలస్నానం చేసిన ప్రతి రోజూ "బావా, కొస పట్టు" అని ఆమె పిలుస్తుంది, అతను వెళ్తాడు. మన్మథరావు తలుపు దగ్గర నిలబడి, రెండు చేతులూ ముందుకు పెట్టుకుని ఆ పిలుపు కోసం చూశాడు.

లోపల నీళ్ళు కొంచెం పడ్డాయి. ఆగాయి. మళ్ళీ కొంచెం పడ్డాయి. ఆమె జానెడు జానెడు పట్టుకుని ఒక్కర్తే పిండుకుంటోంది.